హోప్ ఐలాండ్: కాకినాడకు కాపలా కాసే ఇసుక తిప్పకు కాపలా ఎవరు?

పర్యాటకులకు అనువైన నెలలే తాబేళ్లకు, పక్షులకు అత్యంత కీలకమైనవి. కోరంగి అభయారణ్యంలోని ఈ ద్వీపాన్ని ఎలా చూడాలి, ఏం లెక్కించాలి, లెక్క తప్పితే నష్టం ఎవరికి?

గోదావరి డెల్టాలో నీటి మధ్య నేలకు తెలుగువాళ్లు ఒక్క పేరుతో సరిపెట్టుకోలేదు. నది మధ్యలో ఊళ్లు, కొబ్బరితోటలు ఉన్న నేల లంక. సముద్రానికి దగ్గరలో ఇసుక, ఒండ్రు పేరుకుని తేలిన నేల తిప్ప. పాయ సముద్రంలో కలిసే చోటు మొగ. బలుసుతిప్ప, గాడిమొగ వంటి ఊళ్ల పేర్లలో ఈ మాటలు ఇంకా బతికే ఉన్నాయి. ఆ లెక్కన కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ పేరుకు ఐలాండ్ అయినా, స్వభావరీత్యా తిప్ప. గట్టి రాతిపై నిలిచిన దీవి కాదు. నది తెచ్చి పోసిన ఇసుకను అలలు వరసగా పేర్చిన గీత.

ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. రాతి దీవికి ఒకసారి హద్దులు గీసి బోర్డు పెడితే కొన్ని తరాలు చెల్లుతుంది. ఇసుక తిప్పకు అది కుదరదు. ఏటా దాని ఒడ్డు కదులుతుంది, కొస పెరుగుతుంది, నడుము సన్నబడుతుంది. దాన్ని కాపాడటమంటే ముందుగా క్రమం తప్పకుండా కొలవడమే.

ఎక్కడుంది, ఎలా పుట్టింది?

గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుంది. తూర్పు వైపు పాయ గౌతమి. అది మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు సముద్రంలో పడ్డాక తీరం వెంబడి సాగే ప్రవాహాలు దాన్ని ఉత్తరానికి నెడతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ నెట్టుడు బలంగా ఉంటుంది. అలా గత 200 ఏళ్లలో మెల్లగా సాగిన ఇసుక మేటే హోప్ ఐలాండ్. పొడవు 16 నుంచి 18 కిలోమీటర్లని చెబుతారు. పైనుంచి చూస్తే తోకకప్ప ఆకారంలో కనిపిస్తుంది. ఉత్తర కొసను గోదావరి పాయింట్ అంటారు.

ఈ మేటకూ ప్రధాన భూభాగానికీ మధ్య చిక్కిన నీరే కాకినాడ అఖాతం. బయట బంగాళాఖాతం ఎంత అల్లకల్లోలంగా ఉన్నా లోపల నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది. కాకినాడ సహజ రేవుగా ఎదగడానికీ, దూరంగా లంగరు వేసిన ఓడలకు చిన్న పడవలపై బియ్యం చేరవేసే పద్ధతి ఇక్కడ నిలదొక్కుకోవడానికీ ఈ నెమ్మదే కారణం.

తిప్పకు పశ్చిమాన, అఖాతం అంచున కోరంగి మడ అడవులు ఉన్నాయి. 1978లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇసుక మేట కూడా అందులో భాగం. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న వంటి చెట్లు, నీటి కుక్కలు, చేపలు పట్టి తినే బావురు పిల్లి ఈ అడవి ప్రత్యేకతలు. మడ అడవి బురదలో ఉంటే, తిప్ప ఇసుకలో ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉండటం వల్లే ఇంత తక్కువ జాగాలో ఇన్ని రకాల జీవులు కనిపిస్తాయి.

కాకినాడకు ఎందుకు ముఖ్యం?

కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన తుపాన్లలో ఉప్పెన దాన్ని ముంచేసింది. ఆ తర్వాత కోరంగి కోలుకోలేదు. వ్యాపారం కాకినాడకు మళ్లింది. 'సైక్లోన్' అనే మాటను 19వ శతాబ్దం మధ్యలో వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుపాన్లలో కోరంగిని ముంచెత్తినవీ ఉన్నాయి.

ఉప్పెన వచ్చినప్పుడు అలల బలాన్ని ముందుగా తన మీద తీసుకునేది తిప్పే. దాని వెనక మడ అడవి రెండో అడ్డు. అందుకే కాకినాడవాసులు హోప్ ఐలాండ్‌ను రక్షణ గోడ అంటారు. అయితే ఈ గోడ కాంక్రీటుది కాదు. ఎగువ నుంచి ఇసుక వస్తేనే నిలబడుతుంది.

ఆ ఇసుకే తగ్గిపోతోంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సగటున 150 మిలియన్ టన్నులు ఉండగా, 2000–2006 నాటికి 57 మిలియన్ టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నదిపై, ఉపనదులపై కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడమే ముఖ్య కారణమని వారు వివరించారు. అంటే మహారాష్ట్ర, తెలంగాణల్లో కట్టే ఆనకట్టల ప్రభావం కాకినాడ ఎదుట ఉన్న తిప్ప మీద పడుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. తిప్ప ఉత్తరానికి సాగేకొద్దీ అలల దిశ, ఇసుక కదలిక మారుతాయి. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో ఏళ్ల తరబడి సాగుతున్న కోతకు ఇది ఒక కారణమని భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు చెబుతారు. రేవు కట్టడాల పాత్రను కూడా వారు కలిపే చూస్తారు. ఒకచోట గోడగా నిలిచిన ఇసుక మరోచోట కోతకు దారితీయవచ్చు. కాబట్టి తిప్పను దానికదే విడిగా చూసి నిర్ణయాలు తీసుకోవడం కుదరదు.

ఒకే కాలం, ముగ్గురు అతిథులు

హోప్ ఐలాండ్ నిర్వహణలో అసలు చిక్కు క్యాలెండర్‌లో ఉంది.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు సముద్రం ఉధృతంగా ఉంటుంది. గోదావరికి వరదలు వచ్చేదీ అప్పుడే. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల భయం. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం నెమ్మదిస్తుంది, ఎండ ముదరదు. పర్యాటకులకు ఇదే అనువైన కాలం. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో సముద్ర స్నానానికి వేలమంది వస్తారు. సప్తసాగర యాత్ర మొదలయ్యేది అక్కడే.

సరిగ్గా ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి తిప్పపైకి వస్తాయి. రాత్రివేళ ఒడ్డెక్కి, వెనక కాళ్లతో ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక విడతలో సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

అదే సమయంలో అఖాతం బురద మేటలపై వలస పక్షులు ఉంటాయి. సైబీరియాలో గూళ్లు కట్టే గ్రేట్ నాట్ చలికాలం ఇక్కడికి వస్తుంది. కింది ముక్కు పొడవుగా ఉండి, ఎగురుతూనే నీటిని కోసినట్టు చేపలు పట్టే ఇండియన్ స్కిమ్మర్ కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఈ రెండు జాతులూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ముప్పున్నవే. ఆటు సమయంలో ఇవి బురదపై మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగితే ఎత్తైన ఇసుకపై గుంపుగా విశ్రాంతి తీసుకుంటాయి. పడవ దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి ఎగిరితే, వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి ఎవరుపడితే వారు వెళ్లడం కుదరదు. సెక్షన్ 27 ప్రవేశంపై పరిమితులు పెడుతుంది. సెక్షన్ 28 కింద అధ్యయనం, ఫొటోగ్రఫీ, పర్యాటకం వంటి పనులకు అనుమతి ఇవ్వవచ్చు. జీవులకు, వాటి ఆవాసానికి హాని చేయడాన్ని సెక్షన్ 29, నిప్పు పెట్టడాన్ని సెక్షన్ 30 నిషేధిస్తాయి. ఆలివ్ రిడ్లే ఈ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. గుడ్లు తీసినా నేరమే.

2019 తీర ప్రాంత నియంత్రణ ప్రకటన మడ అడవులను, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను, ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన సీఆర్‌జెడ్–1ఏ విభాగంలో చేర్చింది. ద్వీపంపై కట్టడాల ప్రతిపాదన ఏది వచ్చినా ముందుగా ఈ రెండు చట్టాలను దాటాలి.

కాగితంపై రక్షణకు లోటు లేదు. కానీ చట్టం గీత గీసేది నేల మీద. తాబేళ్లు ఎక్కువగా చచ్చేది నీళ్లలో.

ఒడ్డుకు కొట్టుకొచ్చే లెక్క

తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. గుడ్లు పెట్టే కాలంలో కాకినాడ, ఉప్పాడ తీరాలకు తాబేళ్ల కళేబరాలు కొట్టుకురావడం స్థానికులకు కొత్త కాదు.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. దాని ఉద్దేశం చేపల సంతానోత్పత్తిని కాపాడటం. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అప్పటికి దాదాపు ముగుస్తుంది. ఒడిశా వేరే దారి పట్టింది. గహీర్‌మఠను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేటను ఆపుతుంది. ఆ కాలంలో ఉపాధి కోల్పోయే మత్స్యకారులకు పరిహారం చాలదన్న వాదన అక్కడ ఏటా వినిపిస్తుంది. తాబేలును కాపాడే ఖర్చు ఒక్క మత్స్యకారుడి మీదే పడితే ఏ నిషేధమూ నిలవదు.

మధ్యే మార్గం వలలోనే ఉంది. తాబేలు బయటపడేలా ట్రాల్ వలకు అమర్చే చట్రాన్ని టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయే రకాన్ని రూపొందించింది. దాంతో కొంత రొయ్య, చేప కూడా జారిపోతుందన్నది మరబోట్ల యజమానుల అభ్యంతరం. ఈ తగాదా అంతర్జాతీయ వేదికకూ ఎక్కింది. టెడ్ లేని దేశాల రొయ్యలను అమెరికా అడ్డుకోవడంపై భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి. అప్పిలేట్ సంస్థ 1998లో తీర్పు ఇచ్చింది. తాబేళ్ల రక్షణ సరైన లక్ష్యమేనని, దాన్ని అమెరికా అమలు చేసిన తీరే వివక్షతో ఉందని అది పేర్కొంది. 2019 నుంచి భారత్‌లో సముద్రంలో పట్టిన రొయ్యలు అమెరికా మార్కెట్‌కు దూరమయ్యాయి. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ ఆంక్ష లేదు. నష్టం మోస్తున్నది సముద్రంపై ఆధారపడ్డవారే.

చూడాలనుకునేవారు ఏం తెలుసుకోవాలి?

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, చొల్లంగి దాటాక కోరంగి బయోడైవర్సిటీ కేంద్రం ఉంది. మడ చెట్ల మధ్య చెక్క బాట వేశారు. మొదటిసారి వెళ్లేవారికి, పిల్లలతో వెళ్లేవారికి అదే చాలు. ద్వీపానికి పడవలోనే వెళ్లాలి. వాతావరణం, ఆటుపోట్లు, అటవీ శాఖ ఆంక్షలను బట్టి పడవలు నడుస్తాయి, ఆగుతాయి. బయల్దేరే ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

వెళ్లినవారు పాటించాల్సినవి:

– అనుమతి ఉన్న పడవలోనే వెళ్లాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి. చీకటి పడేలోపు తిరిగి రావాలి.
– జనవరి నుంచి మే వరకు పొడి ఇసుకపై నడవకూడదు. గూళ్లు అక్కడే ఉంటాయి, పైకి కనిపించవు. అలలు తడిపే ఇసుక మీదే నడవాలి.
– టార్చిలు, ఫోన్ లైట్లు, మంటలు వద్దు. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. సహజంగా రాత్రివేళ సముద్రమే మెరుస్తుంది. ఒడ్డున దీపం ఉంటే దారి తప్పుతాయి.
– పిల్లల్ని చేత్తో ఎత్తి నీళ్లలో వదలకూడదు. హేచరీ సిబ్బంది చెప్పినట్టే చేయాలి.
– పక్షుల గుంపు తలలెత్తి కదలడం మొదలుపెడితే అప్పటికే మరీ దగ్గరికి వెళ్లినట్టు. అక్కడే ఆగాలి.
– తిల్ల చెట్టు కొమ్మలు విరవకూడదు. దాని పాలు కళ్లలో పడితే చూపుకే ప్రమాదం.
– కార్తీక వనభోజనాల ఆకులు, గ్లాసులు, సీసాలు తిరిగి తెచ్చుకోవాలి. మిగిలిన అన్నం కుక్కలు, నక్కలకు అలవాటైతే తర్వాత అవి తవ్వేది తాబేళ్ల గూళ్లనే.
– ద్వీపంపై మత్స్యకార కుటుంబాల పాకలున్నాయి. అవి ప్రదర్శన వస్తువులు కావు. అడగకుండా ఫొటోలు తీయకూడదు.

ఏం లెక్కించాలి?

పర్యవేక్షణ అంటే ఏడాదికోసారి ఎవరో వచ్చి ఫొటోలు తీసి వెళ్లడం కాదు. ఒకే విషయాన్ని, ఒకే పద్ధతిలో, ఒకే కాలంలో, ఏళ్ల తరబడి నమోదు చేయడం. హోప్ ఐలాండ్‌కు అలాంటి లెక్కలు కనీసం నాలుగు కావాలి.

మొదటిది ఒడ్డు. 1972 నుంచి ల్యాండ్‌శాట్, 2015 నుంచి సెంటినల్–2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటితో తిప్ప ఎటు పెరిగిందో, ఎక్కడ సన్నబడిందో గీయవచ్చు. అయితే ఆటు సమయంలో తీసిన చిత్రాన్ని పోటు సమయంలోని చిత్రంతో పోలిస్తే లేని కోత కనిపిస్తుంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2016 మధ్య దేశ తీరాన్ని పరిశీలించి, దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని చెప్పింది. అలాంటి జాతీయ సర్వేల్లో ఒక చిన్న తిప్ప ఒక చుక్కే. దాని నడుము ఎంత సన్నబడిందో తెలియాలంటే నేల మీద కొలతలు కావాలి.

రెండోది తాబేళ్లు. ఎన్ని గూళ్లు, ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు వచ్చాయి అన్నవి రాయాలి. హేచరీకి మార్చిన గూళ్లలో ఇసుక వేడి కూడా రాయాలి. ఆలివ్ రిడ్లేల్లో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే వేడిని బట్టి తేలుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి. వదిలిన పిల్లల సంఖ్య ఒక్కటే చూస్తే ఈ తేడా పట్టుబడదు. చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లకూ ఇదే వర్తిస్తుంది. తేదీ, చోటు, చిప్ప కొలత, గాయాలు రాసుకుంటేనే ఏ రోజుల్లో, ఏ వేట వల్ల ఎక్కువగా చస్తున్నాయో చెప్పగలం. రాయకుండా పూడ్చేస్తే సాక్ష్యమూ పూడుకుపోతుంది.

మూడోది పక్షులు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. కోరంగి, కాకినాడ అఖాతాల్లో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు, పక్షి ప్రేమికులు కలిసి లెక్కిస్తారు. పర్యాటకుడు కూడా సాయపడగల చోటు ఇదే. తేదీ, సమయం, ఆటుపోటు స్థితితో రాసిన చిన్న జాబితా కూడా వివరాల్లేని వంద ఫొటోల కన్నా విలువైనది.

నాలుగోది మడ అడవి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణం నిలకడగా ఉన్నంత మాత్రాన అడవి బాగున్నట్టు కాదు. ఏ జాతులు తగ్గాయో, మొలకలు వస్తున్నాయో లేదో ఉపగ్రహం చెప్పలేదు.

గుజరాత్ నుంచి ఒక పాఠం

గోదావరి మొగలకు, గుజరాత్ తీరానికి ఇప్పటికే ఒక బంధం ఉంది. కోరంగి పక్కనే ఉన్న గాడిమొగలో కేజీ–డీ6 గ్యాస్ ఒడ్డుకు చేరుతుంది. అక్కడ మొదలయ్యే గొట్టం దేశాన్ని అడ్డంగా దాటి, సూరత్‌కు ఉత్తరాన ఉన్న భరూచ్‌లో ముగుస్తుంది. పరిశ్రమ, రేవు, మడ అడవి పక్కపక్కనే ఉండే పరిస్థితి తపతి ముఖద్వారంలోని హజీరాకూ, కాకినాడకూ ఉమ్మడిదే.

తేడా సముద్రంలో ఉంది. సూరత్ ఉన్న ఖంబాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. కాకినాడలో అది రెండు మీటర్ల లోపే. కచ్ సింధుశాఖలోనూ ఆటుపోట్లు పెద్దవే. దేశంలో తొలి సముద్ర జాతీయ పార్కు ఉన్నది అక్కడే, జామ్‌నగర్ తీరంలో. 1980లో అభయారణ్యంగా, 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ ప్రాంతంలో 42 ద్వీపాలున్నాయి. వాటిలో పిరోటన్ పేరున్నది. అక్కడికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి, పోటును బట్టి పడవ కదలాలి. సందర్శకుడు తన సెలవు రోజును బట్టి వెళ్లలేడు, సముద్రం ఇచ్చిన సమయంలో వెళ్లాలి. హోప్ ఐలాండ్ దగ్గర సముద్రం అంత కచ్చితంగా అడ్డుపడదు. కాబట్టి ఆ క్రమశిక్షణను మనుషులే పెట్టుకోవాలి.

లెక్కల విషయంలో మరో ఉదాహరణ బ్రిటన్‌లోని స్కోఖోమ్ ద్వీపం. 1933లో అక్కడ ఆ దేశపు తొలి పక్షి పరిశీలన కేంద్రాన్ని పెట్టారు. రోజూ కనిపించిన పక్షులను పుస్తకంలో రాయడమే దాని ప్రధాన పని. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రాసే మనిషి, ఆ మనిషికి జీతం, పుస్తకాన్ని భద్రపరిచే చోటు ఉంటే చాలు.

మిగిలిన పని

హోప్ ఐలాండ్‌కు ఆ మనుషులు కొత్తగా రానక్కర్లేదు. గూళ్లు వెతికేది, రాత్రులు కాపలా ఉండేది, కళేబరాన్ని ముందుగా చూసేది చుట్టుపక్కల మత్స్యకార యువకులే. చాలాచోట్ల ఇలాంటి కాపలాదారులను తాబేళ్ల సీజన్‌కు మాత్రమే పనిలోకి తీసుకుంటారు. సీజన్ ముగిశాక వారితోపాటు ఆ ఏటి అనుభవమూ వెళ్లిపోతుంది. ఏడాది పొడవునా ఉపాధి ఇచ్చి, వారి లెక్కలను అందరూ చూడగలిగేలా ప్రచురిస్తే, తర్వాత వచ్చే ప్రతి ప్రతిపాదననూ వాటితో తూచవచ్చు. కొత్త పర్యాటక ప్రాజెక్టు వచ్చినా, రేవు విస్తరణ వచ్చినా, వేట నిషేధం తేదీలు మార్చాలన్న డిమాండ్ వచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గత పదేళ్ల లెక్క ఏం చెబుతోంది?

ఆ లెక్క లేకపోతే తిప్ప తరఫున మాట్లాడేవారికీ, దాన్ని వాడుకోవాలనుకునేవారికీ ఊహాగానాలే మిగులుతాయి. ఇసుక మాత్రం ఎవరి వాదన కోసమూ ఆగదు. ఈ వానాకాలం వరదకు గోదావరి ఎంత ఒండ్రు తెచ్చిందన్నది వచ్చే జనవరిలో తాబేలు ఎక్కే ఒడ్డు వెడల్పులో తెలుస్తుంది. దాన్ని కొలిచేందుకు అక్కడ ఒక మనిషి ఉండాలి.